గ్రామీణ వైద్యంలో డిజిటల్ పరిజ్ఞానం, కృత్రిమ మేధ: పరిశోధనలు తేల్చినవి, ప్రజలు తెలుసుకోవలసినవి

(ప్రత్యేక వ్యాసం)

కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలకు చేరువలో, కమలాపురం శాసనసభా నియోజకవర్గ పరిధిలో ఉన్నది. వ్యవసాయమే ఇచ్చటి ప్రజల ప్రధాన జీవనాధారం. అనిమెల, పాలగిరి, ఉరుటూరు వంటి గ్రామాల ప్రజలకు జ్వరం, దగ్గు వంటి సామాన్య రుగ్మతలకు దగ్గరలోనే చికిత్స లభిస్తుంది. నిపుణ వైద్యుని సలహా కావలసి వస్తే మాత్రం ప్రొద్దుటూరుకో, పులివెందులకో, కడపకో ప్రయాణం తప్పదు. ఆ ప్రయాణానికి బస్సు చార్జీతో పాటు రోగి కూలి, తోడుగా వచ్చేవారి కూలి కూడా పోతుంది. ఈ కారణంగానే చూపు మసకబారుతున్నా, దగ్గు వారాల తరబడి తగ్గకున్నా "పంట పనులు అయిన తరువాత చూద్దాం" అని వాయిదా వేసే కుటుంబాలు పల్లెల్లో ఉన్నాయి. చక్కెర వ్యాధి వలన కలిగే కంటి జబ్బు, క్షయ, రక్తపోటు వంటివి అట్టి వాయిదాలను మన్నించవు.

వైద్యుని రోగి వద్దకు తీసుకురాలేనప్పుడు రోగి సమాచారాన్ని వైద్యుని వద్దకు చేర్చడం సాధ్యమేనా, చేరిన సమాచారాన్ని చదవడంలో యంత్రం సహాయపడగలదా అన్న ప్రశ్నలపై గత 25 సంవత్సరాలుగా దేశ విదేశాల్లో విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. వాటిలో కొన్ని ముఖ్యమైనవి తెలుగు నేలపైనే జరగడం గమనార్హం. ఆ పరిశోధనల ఫలితాలను, వాటి పరిమితులను, ప్రజల హక్కులను క్రోడీకరించి ఈ వ్యాసంలో వివరించడమైనది.

అరగొండ నుండి ఇ-సంజీవని వరకు

గ్రామీణ దూరవైద్యంలో దేశంలోని తొలి ప్రయత్నాలలో ఒకటి రాయలసీమలోనే మొదలయింది. చిత్తూరు జిల్లా తవణంపల్లె మండలం అరగొండ గ్రామంలోని అపోలో ఆసుపత్రిని నగరంలోని నిపుణ వైద్యులతో అనుసంధానించే కేంద్రాన్ని 2000 సంవత్సరం మార్చిలో, నాటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ భారత పర్యటన సందర్భంగా ప్రారంభించారు. అనంతరం భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఉపగ్రహ సంధానాన్ని సమకూర్చడంతో ఎక్స్‌రే, గుండె పరీక్ష పట్టీ వంటి వాటిని గ్రామం నుండి నగరానికి పంపి సలహా పొందే విధానం దేశంలోని ఇతర ప్రాంతాలకూ విస్తరించింది.

2005 ఆగస్టు 15న 108 అత్యవసర అంబులెన్సు సేవలు హైదరాబాదులో ప్రారంభమయ్యాయి. ఒకే ఫోను నంబరు, ఒకే నియంత్రణ కేంద్రం, కంప్యూటరు ద్వారా వాహనాన్ని పంపే ఏర్పాటు ఈ సేవల ప్రత్యేకత. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతిని కంప్యూటరు ద్వారానే మంజూరు చేసే విధానాన్ని ప్రవేశపెట్టడం జరిగింది. రోగి నివేదికలు, ఛాయాచిత్రాలు ఆసుపత్రి నుండి ట్రస్టు వైద్యులకు చేరగా, వారు పరిశీలించి అనుమతించేవారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం 2024 నుండి డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో అమలులో ఉన్నది.

2019 నవంబరులో ఇ-సంజీవని దూరవైద్య సేవలు మొదలయ్యాయి. మొహాలీలోని సి-డాక్ సంస్థ రూపొందించిన ఈ వ్యవస్థను ఆరోగ్య ఉపకేంద్రాల స్థాయిలో దేశంలో మొట్టమొదట అమలులోకి తెచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఇందులో గ్రామ ఆరోగ్య కేంద్రం ఒక కొన, వైద్యులు కూర్చునే కేంద్రం మరొక కొన. గ్రామంలోని ఆరోగ్య సిబ్బంది రోగి వివరాలు నమోదు చేసి, రక్తపోటు, చక్కెర, ఉష్ణోగ్రత వంటివి చూసి, వీడియో ద్వారా వైద్యునితో మాట్లాడిస్తారు. వైద్యుడు వ్రాసిన మందుల చీటీ అక్కడికక్కడే తెరపైకి వస్తుంది. కోవిడ్ లాక్‌డౌన్ కాలంలో, 2020 ఏప్రిల్‌లో, రోగి ఇంటి నుండే వైద్యుని సంప్రదించే విభాగాన్ని కూడా దీనికి జతచేశారు. 2024 నాటికి దేశవ్యాప్తంగా 25 కోట్లకు పైగా సంప్రదింపులు ఈ వ్యవస్థ ద్వారా జరిగాయి.

2025లో చిత్తూరు జిల్లా కుప్పంలో టాటా సంస్థ సహకారంతో డిజిటల్ నర్వ్ సెంటర్ పేరిట మరొక ప్రయోగం ప్రారంభమయింది. గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రాలను, ప్రాంతీయ ఆసుపత్రిని ఒకే సమాచార వ్యవస్థతో కలిపి, రోగిని చికిత్స ముగిసే వరకు అనుసరించడం దీని ఉద్దేశం.

కృత్రిమ మేధ పనిచేయు తీరు

దూరవైద్యంలో నిర్ణయం వైద్యునిదే, యంత్రం కేవలం వారధి. కృత్రిమ మేధ ఇంతకంటే ఒక అడుగు ముందుకు వేసి, సమాచారాన్ని తానే చదివి ఒక అంచనాను చెబుతుంది. అనుభవజ్ఞుడైన రైతు ఆకు రంగు చూసి తెగులును పసిగట్టడం వేలాది ఆకులను చూసిన అలవాటు వల్లనే సాధ్యమవుతుంది. అదే విధంగా నిపుణులు ముందుగా "ఇది జబ్బు, ఇది ఆరోగ్యం" అని గుర్తించి ఇచ్చిన లక్షలాది చిత్రాలను కంప్యూటరుకు చూపిస్తే, వాటిలోని పోలికలను గ్రహించి కొత్త చిత్రాన్ని వర్గీకరించడం అది నేర్చుకుంటుంది.

ఇందులో రెండు విషయాలను గుర్తుంచుకోవలసి ఉన్నది. మొదటిది, తాను చూసిన చిత్రాలు ఏ ప్రాంత ప్రజలవో, ఏ కెమెరాతో తీసినవో వాటికే యంత్రం అలవాటు పడుతుంది. రెండవది, అది చెప్పేది సంభావ్యత మాత్రమే, రోగ నిర్ధారణ కాదు. ఈ రెండింటినీ విస్మరించిన చోటనే ప్రయోగాలు విఫలమైనట్లు పరిశోధనలు వెల్లడిస్తున్నాయి.

చక్కెర వ్యాధి, కంటి చూపు

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో నిర్వహించిన జాతీయ అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు చక్కెర వ్యాధితో జీవిస్తున్నారు. 2022లో ప్రచురితమైన మరొక జాతీయ అధ్యయనం, చక్కెర వ్యాధి ఉన్నవారిలో 12.5 శాతం మందికి కంటిపొర దెబ్బతిన్నదని, 4 శాతం మందికి చూపు పోయే ప్రమాదం ఉన్నదని తేల్చింది. ఈ జబ్బు ఆరంభంలో నొప్పి ఉండదు, చూపు తగ్గదు. రోగికి తెలిసేసరికి చాలామట్టుకు నష్టం జరిగిపోయి ఉంటుంది. కావున ఏడాదికొకమారు కంటిపొరను పరీక్షించడమే దీనికి మార్గం.

తెలుగు ప్రాంతంలో కంటి జబ్బులపై శాస్త్రీయ సర్వేకు బాట వేసినది హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఈ సంస్థ 1996 నుండి 2000 వరకు నాటి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించి అంధత్వ కారణాలను నమోదు చేసింది. శుక్లాలు, కళ్ళజోడుతో సరిచేయదగిన దృష్టి దోషాలు ప్రధాన కారణాలని అందులో తేలింది. నివారించగలిగిన అంధత్వమే అధికమని దీని అర్థం. గ్రామంలో ప్రాథమిక దృష్టి కేంద్రం, దానిపైన ద్వితీయ స్థాయి ఆసుపత్రి, ఆపైన నగరంలోని ఉన్నత కేంద్రం అన్న అంచెల విధానాన్ని సంస్థ అనుసరిస్తోంది. సంస్థ స్వయంగా తయారు చేసుకొన్న కంప్యూటరు రోగి రికార్డుల వ్యవస్థలో లక్షలాది రోగుల వివరాలు నిక్షిప్తమై ఉన్నాయి. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థతో కలిసి నేత్ర వైద్యంలో కృత్రిమ మేధ పరిశోధనను చేపట్టడానికి ఈ రికార్డులే పునాది అయ్యాయి.

అదే 2016లో గూగుల్ పరిశోధకులు కంటిపొర చిత్రాలపై చేసిన అధ్యయనం ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. అమెరికాతో పాటు భారతదేశంలోని నేత్ర వైద్యశాలల నుండి సేకరించిన 1,28,175 చిత్రాలను 54 మంది వైద్యులు వర్గీకరించగా, వాటి ఆధారంగా యంత్రానికి శిక్షణ ఇచ్చారు. ఒక పరీక్షా సమూహంలో జబ్బు ఉన్నవారిలో 97.5 శాతం మందిని, జబ్బు లేనివారిలో 93.4 శాతం మందిని యంత్రం సరిగా గుర్తించింది. అటు తరువాత మధురైలోని అరవింద్ నేత్ర వైద్యశాల, చెన్నైలోని శంకర నేత్రాలయలలో దీనిని రోగులపై నేరుగా పరీక్షించి 2019లో ఫలితాలను ప్రచురించారు. మన దేశంలో న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, వాధ్వానీ సంస్థ సహకారంతో మధునేత్ర పేరిట ఇట్టి పరికరమే రూపుదిద్దుకొన్నది.

97.5 శాతం అనగానే పొరపాటుకు తావు లేదని భావించరాదు. ఒక మండలంలో 1,000 మంది చక్కెర వ్యాధిగ్రస్తులను పరీక్షించినట్లు, వారిలో 40 మందికి తీవ్రమైన కంటి జబ్బు ఉన్నట్లు ఊహించుకొందాం. పై కచ్చితత్వమే ఇక్కడా వర్తిస్తే యంత్రం 40 మందిలో 39 మందిని పట్టుకొంటుంది, ఒకరిని వదిలివేస్తుంది. జబ్బు లేని 960 మందిలో సుమారు 63 మందికి కూడా "అనుమానం" అని చెబుతుంది. అనగా పెద్దాసుపత్రికి పంపవలసిన 102 మందిలో నిజంగా జబ్బు ఉన్నవారు 39 మంది. మిగిలిన 63 మంది ఒక దినం కూలి, చార్జీలు నష్టపోతారు. అయినప్పటికీ 39 మంది చూపు దక్కడం పెద్ద ప్రయోజనమే. అయితే యంత్రం "అనుమానం లేదు" అని చెప్పిన ఆ ఒక్కరు తరువాతి సంవత్సరం మరల పరీక్షకు రావలసిందే. యంత్రం "అనుమానం" అన్నంత మాత్రాన 63 మంది భయపడవలసిన పని లేదు. ఈ రెండు మాటలను రోగికి నచ్చజెప్పగలిగేది ఊరిలోని ఆరోగ్య కార్యకర్త మాత్రమే.

క్షయ నిర్ధారణలో

క్షయ అనుమానితుల ఛాతీ ఎక్స్‌రేను చదవడానికి రేడియాలజీ నిపుణుడు కావాలి. గ్రామీణ ప్రాంతాలలో వారి కొరత తీవ్రంగా ఉన్నది. ఈ నేపథ్యంలో 15 సంవత్సరాలు, అంతకు పైబడిన వయస్సు వారిలో క్షయ అనుమానితులను వేరుచేసేందుకు ఎక్స్‌రేను చదివే కంప్యూటరు వ్యవస్థలను వినియోగించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. కృత్రిమ మేధ వ్యవస్థలకు సంబంధించి ఆ సంస్థ చేసిన ముఖ్యమైన తొలి సిఫారసులలో ఇది ఒకటి. 2024 డిసెంబరు 7న దేశంలో ప్రారంభమైన 100 రోజుల క్షయ నిర్మూలన కార్యక్రమంలో చేతితో మోసుకొనిపోగల ఎక్స్‌రే యంత్రాలను గ్రామాలకు తీసుకువెళ్ళడం జరిగింది.

ఇక్కడ కూడా ఎక్స్‌రేపై యంత్రం ఇచ్చే మార్కు అనుమానమే గాని నిర్ధారణ కాదు. గళ్ళ పరీక్షలో క్షయ క్రిమి కనబడిన తరువాతనే వ్యాధి రూఢి అవుతుంది. నిర్ధారణ అయిన ప్రతి రోగి వివరాలను 2012 నుండి అమలులో ఉన్న నిక్షయ్ వ్యవస్థలో నమోదు చేసి, మందులు ఉచితంగా అందజేస్తారు. మందులు మధ్యలో మానివేస్తే క్రిమి మొండిబారుతుంది. ఏ యంత్రమూ రోగి చేత మందు మింగించలేదు. ఆ పని ఆశా కార్యకర్తదీ, కుటుంబానిదీ.

పశ్చిమ గోదావరి నేర్పిన పాఠం

గ్రామ ఆరోగ్య కార్యకర్త చేతికి కంప్యూటరు పలక ఇస్తే రోగుల ఆరోగ్యం మెరుగుపడుతుందా? ఈ ప్రశ్నకు సమాధానం వెదికిన ప్రముఖ పరిశోధన ఆంధ్రప్రదేశ్‌లోనే, పశ్చిమ గోదావరి జిల్లాలో జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేపట్టిన ఈ స్మార్ట్ హెల్త్ పరిశోధనలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాలను తీసుకొన్నారు. 40 సంవత్సరాలు నిండినవారి రక్తపోటు తదితర వివరాలను ఆశా కార్యకర్తలు పలకలో నమోదు చేయగా, గుండె జబ్బు వచ్చే అవకాశాన్ని అది లెక్కగట్టి చెప్పేది. అధిక ప్రమాదం ఉన్నవారిని వైద్యుని వద్దకు పంపేవారు. వైద్యునికి కూడా ఏ మందు ఇవ్వవలసినదీ పలక సూచించేది. పరీక్షించిన వారిలో సుమారు 14 శాతం మంది అధిక ప్రమాదంలో ఉన్నట్లు వెల్లడయింది.

2019లో ప్రచురితమైన ఫలితాలు పరిశోధకులు ఆశించిన విధంగా లేవు. ఈ విధానం అమలైన కాలంలో రక్తపోటు అదుపులో ఉన్నవారు 41.2 శాతం కాగా, అమలు కాని కాలంలో 39.2 శాతం. గణాంకశాస్త్ర రీత్యా ఈ రెండింటి మధ్య తేడా లేనట్లే. ఆశా కార్యకర్తలు పలకను సమర్థంగానే వినియోగించారు, రోగులను గుర్తించడం జరిగింది. అయినా రక్తపోటు అదుపులోకి రాలేదు.

ఈ ఫలితాన్ని వైఫల్యంగా కొట్టివేయరాదు. జబ్బును కనుగొనడం ఒక మెట్టు మాత్రమేనని ఇది తెలియజేస్తున్నది. వైద్యుడు ఆ రోజున కేంద్రంలో ఉండాలి, వ్రాసిన మందు కేంద్రంలో దొరకాలి, మరుసటి నెలా దొరకాలి, బాగున్నట్లు అనిపించినా రోగి మానివేయకుండా వాడాలి. ఈ గొలుసులో ఏ కడియం తెగినా ముందటి కడియాల బలం వృథా అవుతుంది. వీరపునాయునిపల్లె వంటి మండలంలో ఏ కొత్త పరికరాన్ని ప్రవేశపెట్టినా "ఎంతమందిని పరీక్షించారు" అన్న లెక్కతో సరిపెట్టకుండా "ఎంతమందికి జబ్బు అదుపులోకి వచ్చింది" అన్న లెక్కను కూడా చూడవలసిన ఆవశ్యకతను ఈ పరిశోధన స్పష్టం చేస్తున్నది.

ప్రయోగశాలకూ పల్లెకూ మధ్య

ఇటువంటి అనుభవమే థాయిలాండ్‌లోనూ ఎదురయింది. అక్కడి 11 ఆరోగ్య కేంద్రాలలో కంటిపొర చిత్రాలను చదివే యంత్రాన్ని ప్రవేశపెట్టి, దాని అనుభవాలను 2020లో ప్రచురించారు. మొదటి ఆరు నెలల్లో యంత్రానికి ఇచ్చిన 1,838 చిత్రాలలో సుమారు 21 శాతం చిత్రాలు నాణ్యత లేనివని యంత్రం తిరస్కరించింది. తగినంత చీకటి లేని గదిలో చిత్రాలు తీయడం ఇందుకు ఒక కారణం. ఇంటర్నెట్ వేగం చాలక ఒక్కొక్క చిత్రాన్ని పంపడానికే ఎక్కువ సమయం పట్టింది. చిత్రం సరిగా లేదన్న కారణంతో రోగులు మరొక దినం మరొక ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చింది. విద్యుత్తు, ఇంటర్నెట్, చీకటి గది వంటి చిన్న ఏర్పాట్లే పెద్ద పరిజ్ఞానాన్ని నిలబెట్టేవని దీనివలన తెలుస్తున్నది.

అమెరికాలో 2019లో వెలువడిన మరొక అధ్యయనం వేరొక లోపాన్ని బయటపెట్టింది. ఎవరికి అదనపు వైద్య సహాయం అవసరమో నిర్ణయించే ఒక వ్యవస్థ, గతంలో వైద్యానికి అయిన ఖర్చును జబ్బు తీవ్రతకు కొలమానంగా తీసుకొన్నది. పేదరికం, వివక్ష కారణంగా నల్లజాతి రోగులపై తక్కువ ఖర్చు జరిగినందున, వారు ఆరోగ్యంగా ఉన్నట్లు యంత్రం పొరబడింది. మన పల్లెలకు ఈ హెచ్చరిక వర్తిస్తుంది. ఆసుపత్రికి వెళ్ళనివారి వివరాలు ఏ రికార్డులోనూ ఉండవు. వెళ్ళినవారి రికార్డులతోనే యంత్రాలు శిక్షణ పొందితే, వెళ్ళలేని కూలీలు, వృద్ధులు, ఒంటరి మహిళలు యంత్రం దృష్టిలో లేనివారే అవుతారు.

మరొక ప్రక్క సత్ఫలితాలు కూడా వెలువడ్డాయి. స్వీడన్‌లో 80,000 మందికి పైగా మహిళలపై నిర్వహించిన పరిశోధనలో, రొమ్ము ఎక్స్‌రేలను చదివే వైద్యులకు కృత్రిమ మేధ తోడ్పడినపుడు చదివే పనిభారం సుమారు 44 శాతం తగ్గిందని, కాన్సరును కనుగొనడంలో లోటు రాలేదని 2023లో ప్రకటించారు. అక్కడ కూడా తుది నిర్ణయం వైద్యులదే.

తెలుగులో మాట్లాడే యంత్రం

రోగి తన బాధను తన మాటల్లో చెప్పుకొంటాడు. "గుండెల్లో మంట", "కాళ్ళు తిమ్మిర్లు", "తల దిమ్ముగా ఉండాది" అన్న మాటలను అర్థం చేసుకోలేని వ్యవస్థ రాయలసీమ రోగికి ఉపయోగపడదు. భారతీయ భాషల మధ్య అనువాదం, మాటను వ్రాతగా మార్చడం వంటి సాధనాల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో భాషిణి కార్యక్రమాన్ని ప్రారంభించింది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ భారతీయ భాషల సాంకేతికతపై చిరకాలంగా కృషి చేస్తున్నది. అదే సంస్థ 2020లో ఇంటెల్, భారత ప్రజారోగ్య ప్రతిష్ఠానం, తెలంగాణ ప్రభుత్వం భాగస్వాములుగా కృత్రిమ మేధ అనువర్తిత పరిశోధన కేంద్రాన్ని కూడా ఏర్పాటు చేసింది.

కడప జిల్లాలో సైతం ఇట్టి పరిశోధనకు తగిన వనరులు ఉన్నాయి. ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ, కడపలో 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం, కడప ప్రభుత్వ వైద్య కళాశాల సమీపంలోనే ఉన్నాయి. వ్యాధి లక్షణాలను ఇచ్చటి ప్రజలు ఏ మాటలతో చెబుతారో వారి అనుమతితో సేకరించడం, ఇతర ప్రాంతాల్లో తయారైన పరికరాలు ఇచ్చటి రోగులపై ఏ మేరకు సరిగా పనిచేస్తున్నాయో పరీక్షించడం వంటివి విద్యార్థులు, వైద్యులు కలిసి చేయదగిన పరిశోధనలు.

నిబంధనలు, బాధ్యత

యంత్రం పొరబడితే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న సహజం. 2020 మార్చి 25న వెలువడిన దూరవైద్య మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. కృత్రిమ మేధ ఆధారిత వేదికలు రోగికి నేరుగా సలహా ఇవ్వరాదు, మందులు వ్రాయరాదు. రిజిస్టరు చేసుకొన్న వైద్యునికి సహాయపడటం వరకే వాటి పరిధి. దూరవైద్యంలో వ్రాయరాని మందుల జాబితాను కూడా ఆ మార్గదర్శకాలు నిర్దేశించాయి. రోగిని ప్రత్యక్షంగా చూడవలసి ఉన్నదని వైద్యుడు భావిస్తే ఏ దశలోనైనా ఆ మాట చెప్పవచ్చును.

2020 ఏప్రిల్ 1 నుండి వైద్యానికి వినియోగించే సాఫ్ట్‌వేరు కూడా వైద్య పరికరాల నిర్వచనం క్రిందికి వచ్చింది. 2023లో భారత వైద్య పరిశోధన మండలి కృత్రిమ మేధ వినియోగంపై 10 నైతిక సూత్రాలను ప్రకటించింది. మానవ పర్యవేక్షణ, భద్రత, గోప్యత, జవాబుదారీతనం, వివక్షకు తావులేకపోవడం వాటిలో ముఖ్యమైనవి. అదే సంవత్సరం న్యూఢిల్లీ, రిషికేశ్‌లలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలను, చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య విద్యా సంస్థను ఆరోగ్య రంగంలో కృత్రిమ మేధ ప్రతిభా కేంద్రాలుగా కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించింది.

ఆరోగ్య రికార్డు రోగిదే

2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద ప్రతి పౌరుడు 14 అంకెల ఆభా సంఖ్యను పొందవచ్చును. పరీక్షా ఫలితాలు, మందుల చీటీలు, ఆసుపత్రి నుండి పంపివేసేటప్పుడు ఇచ్చే పత్రాలు ఈ సంఖ్యకు జోడించబడితే, ప్రొద్దుటూరులో చేయించుకొన్న పరీక్షను కడపలో మరల చేయించుకోవలసిన అవసరం తగ్గుతుంది. ఆభా సంఖ్య తీసుకోవడం స్వచ్ఛందం. రికార్డును ఏ వైద్యునికి, ఎంత కాలం చూపించాలన్నది రోగి అనుమతిపై ఆధారపడి ఉంటుంది. ఇచ్చిన అనుమతిని ఉపసంహరించుకోవచ్చును.

2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఈ హక్కులకు బలం చేకూర్చింది. తన సమాచారం ఎందుకు తీసుకొంటున్నారో తెలుసుకొనే హక్కు, తప్పులను దిద్దించుకొనే హక్కు, ఫిర్యాదు చేసే హక్కు పౌరునికి ఉన్నాయి. అనుమతి కోరే నోటీసును ఇంగ్లీషులోనే గాక రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకొనే వీలు కల్పించాలని చట్టం నిర్దేశిస్తున్నది. కావున తెలుగులో కోరడం రోగి హక్కు. చట్టాన్ని ఉల్లంఘించి సమాచార భద్రతలో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే అవకాశం ఉన్నది. ఈ చట్టానికి సంబంధించిన నియమావళిని 2025 నవంబరులో ప్రకటించారు. అందులోని నిబంధనలు దశలవారీగా అమలులోకి వస్తాయి.

గ్రామాలలో ఒక ఇంటికి ఒకే ఫోను ఉండటం, అది తరచు పురుషుల చేతిలో ఉండటం వాస్తవం. ఒక మహిళ ఆరోగ్య వివరాలు ఆమెకు తెలియకుండా ఇతరుల ఫోనుకు చేరే ప్రమాదం ఇందులో ఉన్నది. రహస్య సంఖ్యను చెప్పమని అడిగే ముందు అది ఎందుకో వివరించడం, మహిళలు కోరితే వారి వివరాలను ఏకాంతంలో నమోదు చేయడం సిబ్బంది పాటించవలసిన మర్యాద.

ప్రజలు గమనించవలసిన అంశాలు

చక్కెర వ్యాధి ఉన్నవారు చూపు బాగున్నప్పటికీ ఏడాదికొకమారు కంటిపొర పరీక్ష చేయించుకోవాలి.

రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారు గళ్ళ పరీక్ష చేయించుకోవాలి. ఎక్స్‌రే బాగున్నదన్న మాటతో ఊరుకోరాదు.

పరీక్ష యంత్రం చేసినదా, వైద్యుడు చూసినదా అని అడిగి తెలుసుకొనే హక్కు ప్రతి రోగికీ ఉన్నది. యంత్రం చెప్పిన ఫలితంపై మందులు ప్రారంభించే ముందు వైద్యుని సలహా తీసుకోవాలి.

దూరవైద్యంలో ఇచ్చిన మందుల చీటీని అడిగి తీసుకొని భద్రపరచుకోవాలి. ఇతర మందులు వాడుతున్నట్లయితే వాటిని వైద్యునికి చూపించాలి.

ఫోనుకు వచ్చే రహస్య సంఖ్యను అపరిచితులకు చెప్పరాదు. ఆరోగ్య కార్డు పేరుతో డబ్బు అడిగేవారిని నమ్మరాదు.

గుండెపోటు, పక్షవాతం, పాముకాటు, కాన్పు నొప్పులు వంటి అత్యవసర పరిస్థితులలో వీడియో సంప్రదింపుల కోసం వేచి ఉండక వెంటనే 108కి ఫోను చేయాలి.

అరగొండలో వేసిన తొలి అడుగుకు 25 సంవత్సరాలు దాటాయి. నాడు ఒక గ్రామానికి ఉపగ్రహ సంధానం అవసరమైన పనిని నేడు ఆరోగ్య కార్యకర్త చేతిలోని ఫోను చేస్తున్నది. అయితే పశ్చిమ గోదావరి పరిశోధన తెలిపినట్లు, యంత్రం గుర్తించిన రోగికి వైద్యుడు, మందు, తిరిగి పలకరించే మనిషి లభించిననాడే దాని ప్రయోజనం సిద్ధిస్తుంది. పాలగిరిలోని ఒక రైతుకు చూపు పోకుండా ఆగిందా, అనిమెలలోని ఒక తల్లి క్షయ చికిత్సను పూర్తి చేసిందా అన్నవే ఈ పరిశోధనలన్నింటికీ చివరి పరీక్ష. ప్రజలు ఈ సేవలను తమ హక్కులు తెలుసుకొని, ప్రశ్నించి, సద్వినియోగం చేసుకోవలసి ఉన్నది.